మడమ బయటికి

క్లిప్‌లెస్ పెడలంటారు. క్లిప్పు లేనిదని అర్థం.
పట్టుకుంటే వదలదు.
మా సెక్షన్లో శాంతయ్య అని ఒకడున్నాడు,
ఫ్యూజు పోయిన ప్రతిసారీ ఊరంతా వినపడేలా అరుస్తాడు.
ఆయన పేరు పెట్టినోళ్ళే దీనికీ పెట్టుంటారు.

ఎర్రముక్కపల్లె, ఇనాయతుల్లా అంగడి,
స్టూలు మీద నేను, సాయంత్రం ఆరింటికి.
పొద్దున రావద్దన్నాడు ఆయనే:
"దినమంతా తిరిగిన కాలు ఉబ్బుంటాది.
ఆ కాలికి సరిపోతేనే చెప్పు."
ఇరవై రెండేండ్లు స్తంభాలెక్కి
నడిమి పాదం కాయలు కాచిన కాళ్ళు.
కుడి చిటికెన వేలు ఎప్పుడో అలిగి పక్కకు తిరిగింది.
మామిడిపండ్లు ఏరినట్టు వాటిని నొక్కి చూసి
తొమ్మిది తీశాడు, పెట్టేశాడు, తొమ్మిదిన్నర తెచ్చాడు.

ముందు చూపించింది తెల్లది, అద్దంలా మెరిసేది,
అడుగున మూడు మరలతో ముక్కోణపు బిళ్ళ.
లేచి నాలుగడుగులేస్తే
టైల్స్ మీద టకటక, బాతు నడక.
"రేసోళ్ళకు ఇది. టీ కోసం దిగేవాళ్ళకు కాదు."
నేను దిగుతాను.
టీకి దిగుతాను, గువ్వలచెరువులో కోవాకు దిగుతాను,
తీగ వేలాడుతుంటే సెలవు రోజైనా దిగి చూస్తాను.

రెండోది బూడిద రంగు. రెండే మరలు.
బిళ్ళ అడుగులోని గుంతలో దాక్కుంది,
పలకరిస్తే తప్ప నోరు విప్పని మనిషిలా.
పెడలుకు ఒక పక్క పట్టు, రెండో పక్క మామూలు బల్ల.
మనసు మారితే తిరగేసుకోవచ్చు.
నలభై ఆరేండ్లకు
అట్లాంటి సౌకర్యం ఇచ్చే వస్తువులు తక్కువ.

ధర చెప్పాడు.
నేను గోడకు వేలాడే ట్యూబులు లెక్కపెట్టాను,
ఇంట్లో చెప్పాల్సిన ధర ఇంకొకటి ఆలోచించుకున్నాను.

"మడమ బయటికి తిప్పల్ల.
ఆగినాక కాదు సామీ, ఆగకముందే."
పట్టు మరను బాగా వదులు చేశాడు.
మొదటి నెల బిగించనని ఒట్టేయించుకున్నాడు.

సబ్‌స్టేషన్ గోడ పట్టుకుని
ఇరవై సార్లు తగిలించాను, ఇరవై సార్లు విడిపించాను.
ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమంటానే ఉంది.
వాచ్‌మన్ ఓబన్న కుర్చీ తెచ్చుకున్నాడు.
"స్తంభం మీద నడుముకు బెల్టు కట్టుకుంటావే,
అప్పుడు లేని భయం ఇప్పుడేందన్నా?"

అక్కడ పడకుండా కట్టుకుంటాను.
ఇక్కడ కట్టుకున్నందుకే పడతాను.
ఓబన్నకు ఈ మాట చెప్పలేదు.
మర్నాటికి గుర్తొచ్చింది.

పడ్డాను.
ఆదివారం, ఐటీఐ సర్కిల్, ఎర్రలైటు.
వేగమేమీ లేదు, అదే అవమానం.
పాత చెక్క స్తంభం ఒరిగినట్టు
తొందర లేకుండా, ఎడం పక్కకు.
పైన నాకు తెలిసిన తీగలే.
మూడో ఇన్సులేటరు పగిలింది, సన్నటి గీత.
ఆటోలోంచి ఒక అవ్వ తల బయటపెట్టి
"చెప్పులు ఇడిసి లేయి నాయనా" అంది.
ఎంత తేలికైన మాట!
లైటు పచ్చగయ్యేదాకా
సైకిలుతో సహా పడుకుని నవ్వాను.

మోచేతికి టించరు రాస్తూ రత్నకుమారి అడిగింది,
ఎంత పెట్టి కొన్నావని.
నొప్పిలో నిజమే వచ్చింది.
దూది కొంచెం గట్టిగా అద్దింది.

నిన్న చీకటుండగానే ఘాట్ ఎక్కాను.
కాలు కిందికి పోయేటప్పుడే కాదు,
పైకి లేచేటప్పుడు కూడా లాగుతోంది.
ఇన్నేండ్లూ సగం చక్రమే తొక్కానన్నమాట.
మూడో మలుపులో లారీ అడ్డంగా ఆగుంది.
మడమ తిరిగింది, కాలు నేల మీదుంది.
నేనేమీ చెప్పలేదు దానికి.

ఆ ఇన్సులేటరు సోమవారమే మార్చాం.
రోడ్డు మీంచి ఎట్లా కనపడిందయ్యా అని ఏఈ అడిగితే
పడుకుని చూశాను సార్ అన్నాను.