సముద్రం ఊళ్లో లేదు

అక్టోబరు. మేపుల్ చెట్లన్నీ
ఒకేసారి కోపం తెచ్చుకున్నట్టున్న దారి.
వెనక సీట్లో మా మామ్మ జేలీ,
ఒళ్లో కేకు డబ్బా, మూత మీద రెండు చేతులూ.
హాలిఫాక్స్ నుంచి మూడు గంటలు,
నోరు విప్పింది ఒక్కసారే,
నాన్న మలుపు తప్పినప్పుడు.

ఉలాలీ పెద్దమామ్మ గుమ్మంలోనే నిలబడింది.
పదకొండేళ్లుగా చెల్లెలితో మాటల్లేవు.
ముత్తాత పడవ అమ్మిన డబ్బు గురించని నాన్న,
కాదు, పడవ మీది పేరు చెరిపి
రంగేసినందుకని అమ్మ.

"సముద్రమేదీ?" తమ్ముడు ఏడుపందుకున్నాడు.
ఫండీ రేవు నిండా ఎర్రటి బురద,
నెమరువేస్తూ పడుకున్న ఆవుల్లా
పక్కకొరిగిన పడవలు.
"ఊళ్లో లేదు నాయనా," అంది పెద్దమామ్మ,
"నాలుగింటికొస్తుంది. కూర్చోండి."
ఎవరితో అందో తెలీదు గానీ
మామ్మ కూర్చుంది.

మేం లైట్‌హౌస్ చూశాం, చెక్క చర్చి చూశాం,
ఎండు నాచు కొనుక్కుని నమిలి ఉమ్మేశాం.
ఫోటోల్లో అందరి జుట్టూ మొహాల మీదే.

తిరిగొచ్చేసరికి
ఆ ఇద్దరూ రేవు బెంచీ మీద.
నడుమ డబ్బా, మూత తీసి ఉంది.
ఒకటే ఫోర్కు.

నీళ్లు చప్పుడు చెయ్యకుండా వచ్చాయి,
ముందు నిచ్చెన కింది మెట్టుకి,
తర్వాత తాళ్లకి, ఆపైన పడవలు
ఒక్కొక్కటీ నడుం నిటారు చేసుకుంటూ.
"ఆలస్యం," అంది మామ్మ. "నాలుగుంబావు."
"నీ గడియారం ఎప్పుడూ ముందే."

ఇంటిదారంతా మామ్మ మాట్లాడుతూనే ఉంది.
పడవ పేరు మాత్రం చెప్పలేదు.