సోంపు వాసన పాలు

ఆకు చూసి మోసపోకు, ముందు కాడ చూడు.
వాగు గట్టున పెరిగే అమాయకపు మొక్కలకీ
ఇలాంటి ఆకులే, ఇలాంటి తెల్లపూలే.
దీని కాడ మీద మాత్రం ఊదా మచ్చలుంటాయి,
దెబ్బ తగిలి నాలుగు రోజులైన ఒంటి మీదలా.
గరుకు నూగు. పైన నీకంటే మూరెడెత్తున గొడుగు.
పోల్చుకున్నావా?
ఇక చెయ్యి వెనక్కి తీసుకో.

లాట్వియాలో, మూతబడ్డ పాల కొట్టం వెనక,
వేసవి పనికొచ్చిన రైటిస్‌కి చెబుతోంది ఔస్మా.
వాడు ఉక్కకి చొక్కా చేతులు మడవబోతే
పార కర్రతో మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

"రసం అంటినప్పుడు ఏమీ తెలీదు.
ఎండ తగలాలి.
రేపటికి బొబ్బ, తర్వాత ఏళ్ల తరబడి మచ్చ."
ఆమె కింది పెదవి మీద ఉంది ఒకటి.
తొమ్మిదేళ్లప్పుడు ఈ బోలు కాడనే
ఈల చేసుకుని ఊదింది.

విత్తనాలు తెచ్చింది వాళ్ల నాన్నే.
సమష్టి క్షేత్రంలో వ్యవసాయాధికారి.
పైనుంచి కాగితం వచ్చింది, పశువుల మేతకని.
ఒక్క వేసవిలో అంతెత్తు పచ్చిమేత!
ఆవులు తిన్నాయి.
పాలు సోంపు వాసన కొట్టాయి.
ఊళ్లో ఎవరూ నోట పెట్టలేదు.
ఆయనొక్కడే రోజూ గ్లాసుడు తాగేవాడు
కొట్టం గుమ్మంలో నిలబడి, అందరూ చూసేలా.
అప్పుడిచ్చిన ప్రశంసాపత్రం
ఇప్పుడు బంగాళాదుంపల పెట్టె అడుగున పరిచి ఉంది.

"పార ఏటవాలుగా దించు. జానెడు లోతు.
వేరు మెడ తెగిన చప్పుడు వినిపించాలి.
పైపైన కోశావా, పగబట్టి మళ్లీ లేస్తుంది.
పూత గింజకట్టక ముందే తల నరికి సంచిలో కట్టు,
దులపకు, దులపకు!"

"మీ నాన్నకి తెలుసా, ఇది విషమని?"

ఆమె ఇంకో రెండు మొక్కలు తవ్వింది.

"ముసలితనంలో ఆయనా పార పట్టాడు.
రాత్రిళ్లు మాత్రమే.
ఎండ లేని వేళ ఒంటికి మంచిదనేవాడు.
మేమూ అదే నిజమనుకున్నాం."

మబ్బు విడింది.
ఔస్మా పార నేలకి గుచ్చేసి
చేతొడుగులు సబ్బునీళ్ల బకెట్లో ముంచింది.
ముప్ఫై నాలుగు, అన్నాడు రైటిస్.
కాలవ అవతల ఇంకో పొలం,
తెల్లగా, నిండుగా పూసి.
అది ఎవరిదని వాడడగలేదు.