అద్దానికి ఇవతలి నుంచి

ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే
మోంతెవిదేయోలోని కాలేజీ పేరు చెబుతాను.
అది సగం అబద్ధం.

పాయ్‌సాందూలో, నది వాసన కొట్టే మా వీధిలో,
ఔరేలియో బెంతాంకోర్ మాంసం కొట్టు అద్దం మీద
ధరలు రాసేవాడు.
కొట్టు లోపల నిలబడి రాసేవాడు,
వాన కడిగేయకుండా, పిల్లలు గీకేయకుండా.
అంటే అక్షరాలన్నీ పెడమొహం పెట్టినవే,
వరస కుడి నుంచి ఎడమకి.
నాకు పదకొండేళ్లు. తెల్లరంగు డబ్బా పట్టుకోవడం నా ఉద్యోగం.
"నీకు సరిగ్గా కనబడుతోందా సుల్మా,
అయితే తప్పు రాశావన్నమాటే"
అనేవాడు, కుంచె లాగుకే తుడుచుకుంటూ.

కాలేజీలోనూ ఇదే చెప్పారు,
కాకపోతే నాలుగేళ్లు చెప్పారు.

మా నాన్న డబ్బా మాంసం కార్ఖానాలో
లేబుళ్లు అంటించేవాడు.
ఎరుపు ఓ పిసరు పలచబడిన రోజు
రాత్రి కంచం ముందు అదే మాట, అదే దిగులు.
ఆ పలచ ఎరుపు డబ్బాలు పనివాళ్లకి సగం ధర.
మా వంటింటి అర నిండా గురి తప్పిన ఎరుపులే.
ఏది నారింజ వైపు జారిందో, ఏది ఇటిక వైపో,
నేను ఆకలి మీద నేర్చుకున్నాను.

ఇరవై నాలుగో ఏట ఓ సబ్బు పెట్టె మీద
నలభై రెండు బుడగలు గీశాను.
ఒక్కటి తీసేయమంటే బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను.
ఇప్పుడైతే నలభై ఒకటి నేనే తీసేస్తాను,
మిగిలినదాన్ని కూడా అనుమానంగా చూస్తాను.

తర్వాత ఒక బ్యాంకు. వాళ్లకి పక్షి కావాలి.
పదమూడు నెలలు పక్షి.
రెక్క పైకి. రెక్క కిందికి. తోక వద్దు. తోక లేకపోతే చేపలా ఉంది.
చివరికి పెద్దాయన భార్యకి పక్షులంటే దడుపని తెలిసి
చతురస్రం ఇచ్చాం.
డబ్బు బాగానే ముట్టింది,
నేను కూర్చున్న ఈ కుర్చీ ఆ పక్షిదే.

తెల్ల జాగా కనబడగానే
"ఇక్కడేమైనా పెట్టండి" అనేవాళ్లతో
ముప్పై ఏళ్లుగా పోట్లాడుతున్నాను.
రొట్టెలోంచి గాలి తీసేసి అమ్మండి బాబూ,
ఎవరు కొంటారో చూద్దాం.

బస్సుల నంబర్లు మాత్రం నాకు నేనుగా అడిగి తీసుకున్నాను.
పది అంకెలు, రెండేళ్లు.
వానలో, ఎదురెండలో,
కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన మనిషికి
మూడు ఎనిమిదిలా కనబడకూడదు.
మూడుకి ఎడమ పక్క తలుపు తెరిచే ఉంటుంది,
ఎంత తెరవాలన్నదే బాధ.
తెర ముందు కూర్చుంటే అదీ అద్దమే అనిపించేది.
నేను కొట్టు లోపల,
స్టాపులో తడుస్తున్నవాడు బయట.

మొన్న ఏప్రిల్లో ఔరేలియో వచ్చాడు,
రెండు కళ్లలో శుక్లాలు తీయించుకోవడానికి.
స్టాపు దాకా ఎదురెళ్దామని చెప్పులు వేసుకుంటుంటే
తనే తలుపు కొట్టాడు,
చంకలో సంచీ, సంచీలో కాగితం చుట్టిన మెంబ్రియో ముక్క.
"బస్సెలా పట్టుకున్నావయ్యా?"
"నంబరు కనబడింది."
నేను గీశానని చెప్పలేదు.
ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలీదు.

మాతే కోసం నీళ్లు కాగుతున్నాయి.
కిటికీ వైపు మొహం పెట్టి,
కిటికీ కనబడకపోయినా, అన్నాడు:
"ఆ ఏడు ఎవడు గీశాడో గానీ,
కాలు పొట్టి."

రాత్రి రెండింటికి లేచి
ఏడుని గోడంత పెద్దది చేసి చూశాను.
నిజమే. వెంట్రుక వాసి.

ఏడున్న బస్సులన్నీ ఇప్పుడు
ఊరంతా పొట్టికాలితోనే తిరుగుతున్నాయి,
జనాన్ని ఇళ్ల దగ్గర దించుతున్నాయి.