తాను వడకని దారం

ముందు నూకలు నానబోస్తాను.
కుక్కర్లో మూడు కూతలు. చల్లారాక
సంచుల్లో పోసి, మూతికి దూది బిరడా పెట్టేముందు
చిటికెడు బూజు.
మా అత్త బుగ్గలు నొక్కుకుంది:
"బూజు పడితే అన్నం పారబోసిన చేతులే కదే ఇవి!"
రెండు వారాలకి సంచి నిండా తెల్లటి నూగు,
ఇంకా కళ్లు తెరవని పిల్లికూన ఒంటిమీది లాంటిది.

వేగాయమ్మపేటలో ఏసుబాబు కౌలుచేను.
చేను నడుమ దోమ సుడి తిరిగి
బండిచక్రాలు పడేసినట్టు ఎండిన గుండ్రాలు.
పోయినేడు కొట్లోవాడు ఇచ్చినవన్నీ కొట్టాడు.
సాలీళ్లు పోయాయి. దోమ పోలేదు.
"ఈసారికి మీ బూజే దిక్కండి" అన్నాడు,
నమ్మి కాదు, అప్పు పుట్టక.

పొద్దు వాలాకే కొట్టాలి.
ఎండ తగిలితే చచ్చిపోతుంది.
చంపడానికి తెచ్చినదాన్ని
తడిగోనె కప్పి, పసిదాన్ని మోసినట్టు
గట్టు వెంట మోసుకెళ్లాం.
కాలువ మీంచి చెమ్మగాలి. మంచిదే.

ఎనిమిదో నాడు లెక్క.
దుబ్బు వంచి తడితే
నీళ్లమీద రాలినవన్నీ రాసుకోవాలి. ఇరవై దుబ్బులు.
నలభై ఉన్నచోట దోమలు తొమ్మిది.
మిగతావి ఆకు తొడుగుకి అతుక్కుని
దూదిలో చుట్టి దాచినట్టున్నాయి.
అక్షింతల పురుగులు ఏడు.
మిరిడ్ నల్లులు పరుగు ఆపితేగా, ఎన్నని రాయను?
సాలీళ్లు పద్నాలుగు. అందులో ఒకతి
గుడ్లమూట వెనక కట్టుకుని
నీళ్లమీదే నడిచిపోయింది,
ఊడ్పుకి ఆలస్యమైన మనిషిలా.

పదిహేడో దుబ్బులో ఒకటి కదల్లేదు.
కాళ్లు ముడుచుకుని,
కీళ్ల దగ్గర తెల్లటి నూగు.

మా బూజేనా?
ముందే చచ్చిందానికి చెమ్మకి పట్టిన ఊరి బూజా?
దోమలు తగ్గి, ఆకలితోనా?
కంటికి తెలిసేది కాదు.
ఏసుబాబు నా భుజం మీంచి వంగాడు.
"ఒక్కటేగదండి, వదిలెయ్యండి.
రాత్తే సారు మందాపేత్తారేమోనండి."

అతని అగ్గిపెట్టె అడిగాను.
పుల్లలు అతని దోసిట్లో పోసి
దాన్ని అందులో పడుకోబెట్టాను.
రిజిస్టర్లో దీనికి గడి లేదు.
అంచున గీత గీసి రాశాను:
సాలీడు, ఒకటి. కారణం
అన్నచోట కలం ఆగింది. ఖాళీ వదిలాను.
అగ్గిపుల్లలు జేబులో పోసుకుని
అతను నీళ్లు కట్టడానికి వెళ్లిపోయాడు, మాట్లాడకుండా.

రాత్రి మళ్లీ నూకలు నానబోశాను.
రేపటికి పదెకరాలు అడిగారు.
చేతులు కడుక్కుని పెట్టె తెరిచి చూస్తే
బతుకంతా దారం తీసినదాని ఒంటినిండా
తాను వడకని దారం.