మూడు పాయింట్ ఎనిమిది

ఇటుకంత బ్యాటరీ పట్టుకొచ్చాడు ట్యూడర్.
"మూడు సెల్లులు, ఐదు వేలు! సాయంత్రందాకా ఆగదు అత్తా!"
ఎక్కడిదాకానో అక్కర్లేదు,
పలకరాళ్ల గుట్టమీద మూడో మలుపులోనే
వెల్లకిలా పడింది వాడి బండి,
నాలుగు చక్రాలతో వానని గీరుకుంటూ.

నేను నవ్వలేదు. మొదటేడు నాదీ అదే కక్కుర్తి.
కొట్టు నడిపే ఇవాన్ తక్కెడలో వేసి మరీ చూపించాడు:
"పరుగెత్తే బండికి ఆకలెక్కువ, నెస్టా,
పాకే బండికి కాదు.
దీనికి బరువే పగ. అదీ నడినెత్తిన బరువు."

అందుకే నాది సబ్బుబిళ్లంత.
రెండు సెల్లులు, పదిహేను వందలు.
ముందు ఇరుసుకి ఆనుకుని, రాయికి చెవి పెట్టినంత కిందుగా.
ఎక్కుడులో ముక్కు లేవదు,
గంటకి ముప్పై గజాలు పాకినా
అది పాకడమే.

బ్లైనైలో ఒకప్పుడు
పలకల్ని రాణుల పేర్లు పెట్టి అమ్మేవారు.
రాణులు ఇళ్లకప్పులెక్కి వెళ్లిపోయారు.
పనికిరావని పారేసినవి, ఎవరూ దిద్దని పలకలు,
ఇవే మాకు మిగిలిన కొండలు.

మా నాన్న ఇద్వల్ ఈ గనిలోనే మందు దట్టించి పేల్చేవాడు.
"వత్తి అంటించి టీకి పోయినవాడు
మళ్లీ టీ తాగగా నేను చూళ్లేదు" అనేవాడు.
ఆయన ఇనప మందుపెట్టెలోనే నేను ఛార్జింగు పెడతాను,
మూత చుట్టూ ఉన్న రబ్బరు పీకేసి.
పొగ పుడితే దానికో దారుండాలి కదా.
ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు,
తెల్ల ప్లగ్గు మర్చిపోకూడదు,
రెండు సెల్లులూ కవల పిల్లలు,
ఒకదానికి ముద్ద ఎక్కువైతే రెండోది ఊరుకోదు.
ఒకటిన్నర ఆంపియర్లు, అంతే. తొందరుంటే నడిచి వెళ్లు.
జేబులో పెట్టి వెచ్చబడ్డాకే తీగ తగిలించు,
మా చలికాలం బ్యాటరీకి జ్వరం ముందటి వణుకు.

ఇన్ని చెబుతూనే ఉన్నాను, ట్యూడర్ కన్ను
అరమీద పూరీలా పొంగిన పాత బ్యాటరీ మీద పడింది.
"ఇదెవరిది?"
దానిమీద నల్ల మార్కరుతో, వంకరగా: గ్లిన్ ౧.

నిండుకుండ తొణకదంటారు.
ఈ కుండ వేరు. నిండుగా ఉంచితే
తొణక్కుండానే లోపల్లోపల కుళ్లుతుంది.
నాకు తెలుసు. తెలిసే చేశాను.
రేపో మాపో ఆసుపత్రి నించి వచ్చేస్తాడు,
రాగానే గుట్టకి వెళ్దామంటాడు అని
నాలుగు పాయింట్ రెండు దాకా నింపి ఉంచాను.
పదకొండు వారాలు.
రోజూ ఒకసారి తాకి చూసేదాన్ని,
బల్లపరుపుగా ఉండే వీపు
వేలికి కొంచెం కొంచెంగా ఎదురు రావడం.

ఇవాళ దాన్ని పెరట్లోకి తెచ్చాం.
పాత కారు దీపం బల్బొకటి తీగలకి కట్టి
ఇసక బకెట్లో పెట్టాం.
గోడకి చాలినంత వెలుగు.
ఎంతసేపు పడుతుందన్నాడు. తెలీదన్నాను.
వాన ఆగింది. ట్యూడర్ రెండు బిస్కెట్లు తిన్నాడు,
మూడోది నాకిచ్చాడు.
పసుపు నారింజైంది, నారింజ
లోపలి తీగమీద ఎర్రటి వెంట్రుకైంది.
తర్వాత ఆ వెంట్రుక ఉందో లేదో
ఇద్దరం వాదించుకున్నాం.

సోమవారం పురపాలక సంఘం వాళ్ల డబ్బాలో వేసి రావాలి.
మార్కరు అక్షరాల మీద టేపు అంటించాను,
ఎందుకో.

లోపలికొచ్చాక ట్యూడర్ ఇటుక చల్లబడిందో లేదో చూసి
ఛార్జరుకి తగిలించాను.
"నిండా పెట్టు అత్తా."
"మళ్లీ ఎప్పుడొస్తావు?"
"ఏమో. బడిని బట్టి. అమ్మని బట్టి."

మూడు పాయింట్ ఎనిమిది
నొక్కాను.