కొళాయి దగ్గరి వరస

చీపురుపల్లి రోడ్డు పక్క మా నర్సరీలో
ఆ వారం మాడినవి
దాహంతో ఉన్న మొక్కలు కావు.

రబ్బరు గొట్టం అందని ఆ చివర,
ముళ్లకంచె వార,
ఎప్పుడో గాని గుర్తురాని కానుగలు
దుమ్ము కొట్టుకుని, ఆకులు వేలాడేసుకుని
పెంకిగా నిలబడే ఉన్నాయి.

కొళాయి దగ్గరివే పోయాయి.
పచ్చనెట్టు కింద నేను మూడు పూటలా తడిపినవి,
ఆరొందల నలభై సంచుల నేరేడు.
ఈనెకీ ఈనెకీ మధ్య
ఇస్త్రీపెట్టె తగిలినట్టు గోధుమరంగు మచ్చలు.

మూడు రోజులుగా తూర్పుగాలి.
కోనాడ సముద్రం ఇంత దూరం నడిచొచ్చి
చొక్కాని వీపుకి, ఉప్పుని డబ్బాకి అంటించింది.
ఆదివారం తెల్లారగట్ల సైరను మోగాక
ఫ్యాక్టరీ వదిలిన పొగ
పైకి పోలేక
చేలగట్ల మీద వంగి వంగి వచ్చి
తొమ్మిదింటి దాకా మా నెట్టు కిందే కూర్చుంది.

రేంజి ఆఫీసు నుంచి దమయంతి భూతద్దం తెచ్చింది.
"ఆకు అడుగున నోళ్లుంటాయండీ.
గాలి పొడిగా ఉంటే మూసేస్తాయి, ఉన్న నీళ్లు పోతాయని.
తేమగా ఉంటే బెంగ లేదు కదా, తెరుచుకుంటాయి.
అప్పుడు ఏదొస్తే అది లోపలికే."
అద్దంలోంచి చూశాను.
నా కనురెప్ప వెంట్రుక తప్ప ఏమీ కనబడలేదు.

సంచుల్లోకి ఎర్రమట్టి తోస్తూ పారమ్మ అంది:
"మా మనవడూ అంతే బాబూ.
కడుపు నిండితే సాలు,
ఎవుళు నవ్వినా సంకెక్కిపోతాడు."
నవ్వబోయి ఆగాను.
వాడికి రాత్రుళ్లు ఆయాసం.

నష్టం రిజిస్టరులో కారణం గడి ఉంది.
తెగులు అని రాసేయమని ఫోనొచ్చింది.
నేను తూర్పుగాలి అని రాశాను,
అంతవరకే చెయ్యి సాగింది.
దమయంతి పక్కనే పెన్సిల్‌తో
పొగ, అని చేర్చింది.
పెన్సిలే కదా.

ఇవాళ మళ్లీ ఉక్క.
నీళ్లు పట్టే ముందు పొగగొట్టం వైపు చూడ్డం
కొత్తగా అలవాటైంది నాకు.
గొట్టం చుట్ట చుట్టి మేకుకి తగిలించాను.
చివర్నుంచి ఒక్కో చుక్కా కారుతోంది
ఎవరూ నాటని చోట,
రెండాకుల నేరేడు మీద.