జూన్ ఇరవై ఎనిమిది

నైంనగర్ నెట్ సెంటర్ల పొల్లగాడు
నా పుట్టిన తేదీ కొట్టంగనే గడి ఎర్రగైంది.
"మేడం, మూడు దినాలు ఎక్కువున్నరు" అన్నడు
కిరాణకొట్టుల తూకం చెప్పినట్టు.

జూలై ఒకటి నాటికి నలభై ఆరు దాటొద్దంట.
దాటిన.
పోయినసారి నోటిఫికేషన్‌కు
వయసుండె, పిహెచ్‌డి లేకుండె.
వైవా తీసుకునే సారు
ఆఖరు తేదీ పోయిన పదకొండు రోజులకు
కాజీపేటల రైలు దిగిండు.
అప్పుడు తక్కువైన, ఇప్పుడు ఎక్కువైన.
సరిగ్గ సరిపోయిన పన్నెండేండ్లు
ఎవ్వలూ ఏ కాగితం తియ్యలె.
నడుమ ఒక్కసారి తీస్తే కోర్టు స్టే ఇచ్చింది.
పోస్టులు ఆగినయి.
నా మోకాళ్ల మీద మాత్రం స్టే రాలె.

ఇంటికొచ్చి అవ్వనడిగిన, నేనెప్పుడు పుట్టిననని.
తలకు నూనె రాసుకుంటున్నది, చెయ్యి ఆపలె.
"మక్కకంకులు అయిపోయినంక.
ఎంగిలిపూలనాడు గునుగు తెంపుతాంటే
నొప్పులు లేసినయి.
మీ మేనమామ లగ్గానికి నువ్వు కడుపుల నాలుగు నెలలు."

రేకుపెట్టెల లగ్గంపత్రిక దొరికింది.
మూలలకు పసుపు, నడుమ నెమలి,
మే నెల, తారీకు, సంవత్సరం.
వేళ్ల మీద లెక్కవెట్టిన.
నాకింకా మూడు నెలల గడువున్నది!

తెల్లారి యూనివర్సిటీ ఆఫీసుకు పట్టుకపోయిన.
గుమాస్తా అద్దాలు జరిపి
నెమలిని చూసిండు, నన్ను చూసిండు.
"మీ అవ్వ మాట ఏ ఫార్మాట్ల ఉన్నది మేడం?"
వెటకారం కాదు.
పాపం, ఆయనకు నిజంగనే ఒక గడి కావాలె.
మెడల కార్డు మీద ఆయన పుట్టింది జూన్ ఒకటి.
మా దిక్కు సగం మందిమి జూన్‌లనే పుట్టినం,
బడి తలుపులు తెరిచినంక,
కుడిచెయ్యి నెత్తి మీదికెల్లి ఎడమచెవిని అందుకున్న నాడు.

ఆదివారం పరకాల బస్సెక్కిన.
కొట్లాడదామనే పోయిన.
సదానందం సారు వాకిట్ల
రేడియో బ్యాటరీలు ఎండకు వెట్టి కూసున్నడు.
"ఏం తారీకు రాసిన బిడ్డా?"
"ఇరవై ఎనిమిది."
గోడ దిక్కు చాన్నసేపు చూసిండు.
"అంతకుముందు అందరికీ ఒకటో తారీకే రాస్తుంటి.
ఇన్‌స్పెక్టరొచ్చి తిట్టిండు,
ఊరు ఊరంత ఒక్కనాడే ఎట్ల పుట్టిందయ్యా అని.
ఆ యేడాది సంది వరుసగ రాసుకుంట పోయిన.
మొదటి పిల్లకు ఒకటి, రెండో పిల్లకు రెండు.
నువ్వు లైన్ల ఇరవై ఎనిమిదో పిల్లవై ఉంటవు."

ముప్పై ఒకటో పిల్లకు జూలై ఒకటి.

తిరుగుబస్సుల కిటికీ పక్కన
ఆ లైను మొత్తం యాదికొచ్చింది.
కొత్త పలక వాసన.
నా ముందర దూడపాక కొమ్మాలు,
వాని ముందర ఇంకో ఇద్దరు.
బడి అయిపోతదేమోనని
ముగ్గురిని మోచేతులతో నూకి
ముందుకు జొరబడ్డది నేనే.
కొమ్మాలు ఏడ్చిండు గుడ.

సారు బస్సుదాక వచ్చి
సంచిల నాలుగు జామకాయలు ఏసిండు.
ఏం తిట్టుదు?

సోమవారం ఫస్ట్ పీరియడ్.
పీరియడ్‌కింత అని లెక్కగట్టే జీతం,
వేసవి సెలవులకు సున్న.
గునుగు మొక్కను ముక్కలు కోసి
సూక్ష్మదర్శిని కింద పెట్టి చెప్తున్న:
పగలు ఎంత కురచయితే దీనికి
పువ్వు గడియ వచ్చినట్టో.
వెనుక బెంచిల ఎవరో నవ్వుతున్నరు, ఎందుకో.

ల్యాబ్ బయట గుగులోత్ స్వరూప,
నా కిందనే ఎమ్మెస్సీ చదివిన పిల్ల,
చేతుల అప్లికేషన్.
"మేడం, జిరాక్సుల మీద ఒక్క సంతకం."
"నాది గెజిటెడ్ సంతకం కాదు బిడ్డా, చెల్లది."
ఇద్దరం నేల చూసినం.
"వైవా ఎప్పుడు?"
"పదిహేడు."
"ఆఖరు తేదీ?"
"ఇరవై."
"ఎక్స్‌టర్నల్ సారుకు ఫోన్ కలుపు.
పదిహేడు అనకు, పదహారు పొద్దుగాల్నే దిగమను.
ఏ రైలో అడుగు, ఏ బోగీనో అడుగు.
కాజీపేట స్టేషన్‌కు నేను పోత."